ఆర్డర్ ఇచ్చేవాళ్లు లేని క్లాసులో

ప్రశ్న: మేడమ్, నా వయసు 38. పదిహేడేళ్లు సైన్యంలో చేసి నిరుడు బయటికొచ్చాను. సర్వీసులో ఉండగానే డిగ్రీ పూర్తిచేశాను. ఇప్పుడు పబ్లిక్ పాలసీలో పీజీ, మొదటి సెమిస్టర్. చదవాలన్న కోరిక నాదే, ఎవరూ బలవంతపెట్టలేదు. కానీ మూడు నెలలు తిరక్కుండానే తప్పు చేశానేమో అనిపిస్తోంది. గ్రూప్ ప్రాజెక్టులో ఎవరూ అనుకున్న టైముకి రారు. చూసి చూసి నేనే పనులు పంచి, గడువులు పెట్టాను. వెనకాల నన్ను ‘కమాండర్’ అంటున్నారని తెలిసింది. వరద సహాయం మీద ఎంతో కష్టపడి పేపర్ రాస్తే ప్రొఫెసర్ ‘రిపోర్ట్ బాగుంది. మీ వాదన ఏది?’ అని రాసి తిరిగిచ్చారు. ఆ పేపర్లో ఒక పేజీ దీనితో పాటు పంపుతున్నాను. ఒక సెమినార్‌లో ఒకమ్మాయి ‘సైనికులకు ఆలోచించే పని ఉండదు, చెప్పింది చేయడమే’ అంది. నేనేమీ అనలేక లేచి వచ్చేశాను. రాత్రి మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. ‘ఇంట్లో ఉన్నారన్న మాటే గానీ, ఉన్నట్టు లేదు’ అంటోంది మా ఆవిడ. పాత యూనిట్ స్నేహితుడు సెక్యూరిటీ కంపెనీలో సూపర్‌వైజర్ ఉద్యోగం ఇప్పిస్తానంటున్నాడు. చదువు మానేసి అందులో చేరిపోనా?
(పేరు వేయవద్దని కోరిన పాఠకుడు)

జవాబు: మానేయకండి. కనీసం ఇప్పుడు మానేయకండి. రెండో సెమిస్టర్ కూడా అయ్యాక ఇదే మాట అనిపిస్తే నిక్షేపంగా మానేయండి, పీజీ లేకపోతే బతకలేమా ఏమిటి! కానీ ఇది తెల్లవారుజామున మూడింటికి, నిద్రలేని బుర్రతో తేల్చుకునే విషయం కాదు.

మీరు వరసగా చెప్పుకొచ్చిన కష్టాల్లో నన్ను ఎక్కువసేపు ఆపింది మీ పేపర్ మీద ప్రొఫెసర్ రాసిన ఆ చిన్న మాట. అది మీకు అవమానంగా తగిలినట్టుంది. చాలా ఏళ్లు పీజీ క్లాసులకు పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి చెబుతున్నాను, పనికిరాని పేపర్ మీద ఎవరూ అలా రాయరు. వచ్చిన మార్కులేవో వేసి పక్కన పెడతారు. ‘మీ వాదన ఏది’ అని అడిగారంటే, ఇందులో ఒక వాదన దాక్కుని ఉందని ఆయనకు అనుమానం వచ్చిందన్నమాట. మీరు పంపిన పేజీ చదివాక నాకూ అదే అనుమానం వచ్చింది.

ఆ పేజీలో మీ వాక్యాలు ఇవి: ‘మొదటి రోజు ఆరు పడవలు వచ్చాయి. నాలుగు పడవలను దక్షిణం వైపు గ్రామాలకు, రెండింటిని ఉత్తరం వైపు గ్రామాలకు పంపారు. ఉత్తరం వైపు ఆహారం రెండో రోజు సాయంత్రానికి అందింది.’ వంక పెట్టడానికి లేదు. ఎప్పుడు, ఎక్కడికి, ఎన్ని, అన్నీ ఉన్నాయి. పై అధికారి రెండు నిమిషాల్లో చదివి తర్వాతి నిర్ణయం తీసుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? అక్కడ రాసేవాడు ఎంత కనబడకుండా ఉంటే రిపోర్ట్ అంత మంచిది. పదిహేడేళ్లు మీకు నేర్పిందీ అదే.

ఇప్పుడు అదే పేరాను ఆ ఊళ్ల పేరు కూడా ఎన్నడూ వినని మనిషిలా చదవండి. అటు నాలుగు, ఇటు రెండు ఎందుకు? జవాబు మీకు తెలుసు. పేజీ అడుగున, వేరే విషయం చెబుతూ ఒక ముక్క రాసేశారు: దక్షిణం వైపు నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, ఉత్తరం వైపు టవర్ మొదటి రాత్రే పడిపోయింది. మీ పేపర్ అంతా ఆ ముక్కలోనే ఉంది! దాన్ని పైకి తెచ్చి, ‘ఎక్కువ సహాయం ఎక్కువ అవసరమున్న ఊళ్లకు అందలేదు, అవసరం చెప్పుకోగలిగిన ఊళ్లకు అందింది’ అని మొదటి పేరాలో రాసి చూడండి. ఆ మాట అనగానే ఎవరో ఒకరు లేచి, ‘కాదండీ, ఉత్తరం వైపు నీళ్ల వడి ఎక్కువ, పడవలు పోలేవు, అందుకే రెండే పంపారు’ అంటారు. అనాలి. ఎవరూ కాదనలేని మాటను వాదన అనరు. అప్పుడు మీరు నీటి వడి లెక్కలు తీస్తారు, ఫోన్లు వచ్చిన వేళలూ పడవలు కదిలిన వేళలూ పక్కపక్కన పెడతారు, ఆయన చెప్పిందాంట్లో నిజమెంతో ఒప్పుకుంటారు, మిగిలినదాన్ని నిలబెట్టుకుంటారు. ప్రొఫెసర్ అడిగింది ఇదే. ఇందులో మీకు కొత్త ఒక్కటే: ‘నాకు ఇలా అనిపిస్తోంది, దానికి ఆధారం ఇది’ అని మీ పేరు మీద చెప్పడం. ఇన్నాళ్లూ అలా చెబితే క్రమశిక్షణ లేదనేవారు.

మీ చేతికి బాగా అలవాటైన పనిముట్టు ఒకటుంది, అది ఇక్కడా పనికొస్తుంది. ఆపరేషన్ ఆర్డర్, అంటే ఒక పనికి దిగేముందు యూనిట్‌కి ఇచ్చే ఆదేశం, చాలా దేశాల సైన్యాల్లో ఐదు భాగాల్లోనే ఉంటుంది కదా: పరిస్థితి, లక్ష్యం, అమలు, సరఫరా ఏర్పాట్లు, కమాండ్-సమాచార సంబంధాలు. రేపు థీసిస్ ప్రతిపాదన రాయమన్నప్పుడు బెదిరిపోకుండా ఆ ఐదూ కాగితం మీద వేసుకోండి. ఇప్పటిదాకా ఈ విషయం మీద ఎవరేం తేల్చారు, ఏం తేల్చలేదు అన్నది మీ పరిస్థితి. పరిశోధన ప్రశ్న మీ లక్ష్యం, అది ఒక్క వాక్యంలో ఇమడాలి. పద్ధతి మీ అమలు. డేటా, సమయం, డబ్బు, అనుమతులు సరఫరా కింద వస్తాయి. చివరిది మీ సూపర్‌వైజర్‌తో ఎప్పుడెప్పుడు కలుస్తారు, ఏం చూపిస్తారు అన్నది. కాకపోతే రెండో భాగం దగ్గర ఈ పోలిక చెడుతుంది. అక్కడ లక్ష్యం పైనుంచి వచ్చేది, ఎలా సాధించాలో మీరు చూసుకునేవారు. ఇక్కడ ఆ గడి ఖాళీగా ఇస్తారు, అది నింపడమే చదువు. సైన్యం నుంచి పీజీకి వచ్చేవాళ్లలో చాలామంది తడబడేది ఈ గడి దగ్గరే. మిగతా నాలుగూ మీకు క్లాసులో అందరికన్నా బాగా వచ్చు.

అనుమతులు అన్నాను కాబట్టి ఇంకో మాట. సర్వీసులో చూసిన సమాచారాన్ని పరిశోధనలో వాడేముందు అది బయటపెట్టదగ్గదో కాదో రాతపూర్వకంగా తేల్చుకోండి. గోప్యత నిబంధనలు యూనిఫాంతో పాటు విప్పేసేవి కావు.

చదవడం గురించి కూడా మీరు అడగకపోయినా చెబుతాను. మాన్యువల్ చదివినట్టు ప్రతి వ్యాసాన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదువుతున్నారని నా అనుమానం. మాన్యువల్‌లో ఒక లైను వదిలేస్తే ప్రమాదం. వారానికి మూడొందల పేజీలు ఇచ్చే ప్రొఫెసర్ అవన్నీ మీరు అలా చదువుతారని అనుకోరు. ముందు సారాంశం, తర్వాత ముగింపు, ఆ తర్వాత వ్యాసం రాసినవాడు ఏ ఆధారంతో అక్కడికి చేరాడో చూడండి. నమ్మకం కుదరనిచోట ఆగి పూర్తిగా చదవండి.

ఇక గ్రూప్ ప్రాజెక్ట్. ఇరవై రెండేళ్ల పిల్లలతో కలిసి పనిచేయడం నిజంగానే ఒళ్లు మండే వ్యవహారం, ఆ విషయంలో మీకు నా పూర్తి సానుభూతి. ‘చేసేద్దాం’ అంటారు. అంటే చేస్తారని మీరు నమ్ముతారు. మీకు అది మాట ఇవ్వడం, వాళ్లకు అది మీటింగ్ ముగించే పద్ధతి. అయినా మీరు పనులు పంచిన తీరు వాళ్లకెందుకు నచ్చలేదో మీకూ తెలుసు. ఆ అధికారం మీకు ఎవరూ ఇవ్వలేదు. యూనిట్‌లో మీ మాట చెల్లిందంటే మీ భుజం మీద చిహ్నం ఉంది, దాని వెనక చట్టం ఉంది, కలిసి గడిపిన ఏళ్లున్నాయి. ఇక్కడ నలుగురూ ఒకే మెట్టు మీద ఉన్నారు, నెల క్రితం పరిచయమైనవాళ్లు.

దీనికీ మందు మీ పాత అలవాట్లలోనే దొరుకుతుంది. ఒక ఆపరేషన్ గానీ శిక్షణ గానీ ముగిశాక అందరూ కూర్చుని, ర్యాంకు పక్కన పెట్టి మాట్లాడుకునే పద్ధతి మీకు తెలుసు. అమెరికా సైన్యం 1970ల్లో దీన్ని శిక్షణలో భాగం చేసింది, తర్వాత ఎందరో అందుకున్నారు. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, ఎందుకలా జరిగింది, ఈసారి ఏం మారుద్దాం. వచ్చే మీటింగ్‌లో ఈ నాలుగూ మీరే అడగండి, అడిగి చివరన మాట్లాడండి. గడువు మీరు పెట్టకుండా, ‘నీ భాగం ఎప్పటికి ఇవ్వగలవు?’ అని ఒక్కొక్కరినీ అడిగి, వాళ్లు చెప్పిన తేదీనే అందరికీ కనబడేచోట రాయండి. మీరు పెట్టిన తేదీ దాటితే మీమీద జోకు వేస్తారు, తాము పెట్టుకున్న తేదీ దాటితే తలదించుకుంటారు. రోజూ ఆలస్యంగా వచ్చే కుర్రాడు రాత్రి ఏదైనా ఉద్యోగం చేస్తున్నాడేమో అదీ కనుక్కోండి. ‘కమాండర్’ అన్న పేరుకి నవ్వేయండి. ఇంతకన్నా చెడ్డపేర్లు మీ యూనిట్‌లోనే పెట్టుకుని ఉంటారు.

సెమినార్‌లో జరిగింది వేరు. ఆ అమ్మాయికి గదిలో ఒక మాజీ సైనికుడు ఉన్నాడని తెలిసి అన్నదో తెలియక అన్నదో నాకు తెలియదు, మీరూ రాయలేదు. ఎలా అన్నా, ఆ మాట తప్పని చూపించగల మనిషి ఆ గదిలో మీరొక్కరే. మీరేమో బయటికి వచ్చేశారు. సైన్యం లోపలే దీనిమీద ఎంత మథనం జరిగిందో ఆమెకు తెలిసే అవకాశం తక్కువ. 19వ శతాబ్దంలో ప్రష్యా సైన్యం ఒక పద్ధతిని పెంచి పోషించింది: కింది అధికారికి ఏం సాధించాలో, ఎందుకు సాధించాలో చెప్పు, ఎలా అన్నది అతనికి వదిలెయ్. యుద్ధరంగంలో పరిస్థితి గంటగంటకీ మారిపోతుంది, పైనుంచి ఆర్డర్ వచ్చేదాకా ఆగితే పని చెడుతుంది, అదీ కారణం. ఇవాళ చాలా సైన్యాల శిక్షణలో ఆ ఆలోచన ఉంది. అదే సమయంలో, ఆలోచించకుండా ఆజ్ఞ పాటించి ఘోరాలు చేసినవాళ్లూ చరిత్రలో ఉన్నారు, యుద్ధనేరాల విచారణల్లో ‘ఆర్డర్ ఇచ్చారు, చేశాం’ అని చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ అమ్మాయి మాట వెనక ఉన్న భయం అదే కావచ్చు. ఈ రెండూ మీరే చెప్పగలిగితే ఆ రోజు సెమినార్‌లో అంతకన్నా విలువైన మాట ఇంకోటి ఉండదు. చెప్పేటప్పుడు ‘నేను అక్కడున్నాను, నాకు తెలుసు’ అని మొదలుపెట్టకండి, అక్కడితో ఎదుటివాళ్ల నోరు మూతపడుతుంది. ‘నేను చూసిన ఒక సందర్భం చెబుతాను, దీన్నుంచి అందరి గురించీ తేల్చలేం గానీ’ అని మొదలుపెట్టండి. మొత్తం సైన్యానికి వకాల్తా పుచ్చుకునే పని మీకు లేదు.

ఇంకొకటి కూడా రాబోతోంది, సిద్ధంగా ఉండండి. ఎప్పుడో ఒకరోజు టీ తాగుతూ ఒక కుర్రాడు ‘అన్నా, ఎవరినైనా చంపారా?’ అని అడుగుతాడు. సరదాగానే అడుగుతాడు. ‘ఆ విషయం నేను మాట్లాడను. ఇంకేదైనా అడుగు’ అనండి. మామూలు గొంతుతో అనగలిగేలా ఇంట్లో ముందే పైకి అనుకుని చూసుకోండి.

మీలాంటివాళ్లు క్లాసులో ఇమడరన్న అనుమానం పాతదే. 1944లో అమెరికా తన సైనికుల చదువు ఖర్చు భరించే చట్టం చేసినప్పుడు, చికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు రాబర్ట్ హచిన్స్ దీనివల్ల విశ్వవిద్యాలయాలు దేశదిమ్మరుల మకాములైపోతాయని రాశాడు. హార్వర్డ్ అధ్యక్షుడు జేమ్స్ కొనాంట్‌కి కూడా చదువుకి తగనివాళ్లంతా వచ్చి పడతారన్న భయం పట్టుకుంది. సుమారు 22 లక్షల మంది కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల్లో చేరారు. 1947 నాటికి అక్కడి కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే. చదివారు, బాగా చదివారు. హార్వర్డ్ చూసిన విద్యార్థుల్లో వీళ్లంత పరిణతి ఉన్నవాళ్లు లేరని కొనాంటే తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది. (నల్లజాతి సైనికులకు ఆ చట్టం ఫలం అందనివ్వని చోట్లు ఎన్నో ఉన్నాయి. ఆ కథ చెప్పకుండా ఆ చట్టాన్ని పొగడటం నాకు ఇష్టం లేదు.) కాకపోతే వాళ్లకో సదుపాయం ఉంది. క్లాసులో తిరిగి చూస్తే పక్క బెంచీలోనూ తమలాంటివాడే ఉండేవాడు. మీరు ఒంటరి. కాబట్టి మీ విశ్వవిద్యాలయంలో, ఏ విభాగంలో అయినా సరే, ఇంకో మాజీ సైనికుడు ఉన్నాడేమో వెతకండి. అలాగే ముప్ఫై దాటాక చదువుకి వచ్చిన నర్సులు, టీచర్లు, పిల్లల తల్లులు ఉంటారు. వాళ్ల దగ్గర కూడా మీ కష్టం విడమరిచి చెప్పక్కర్లేదు.

నిద్ర గురించి కచ్చితంగా చెబుతాను, ఇక్కడ వాయిదా వద్దు. తలుపు కనబడే సీటు ఎంచుకోవడం, నలభై నిమిషాల ముందే క్లాసుకి చేరడం లాంటివి అలవాట్లు, వాటంతటవే సడలుతాయి, సడలకపోయినా కొంప మునగదు. కానీ నెలకు పైగా నిద్ర చెదిరిపోతూ ఉంటే, దానితో పాటు పాత సంఘటనలు పీడకలలుగానో కళ్లముందు జరుగుతున్నట్టుగానో వస్తుంటే, కొన్ని చోట్లకీ కొన్ని మాటలకీ తప్పుకు తిరుగుతుంటే, చిన్న చప్పుడుకి ఉలిక్కిపడుతుంటే అది డాక్టర్ చూడాల్సిన విషయం. పీటీఎస్‌డీ అన్న పేరుతో ఇది 1980లోనే వైద్యుల పుస్తకాల్లోకి ఎక్కింది, పనిచేసే చికిత్సలున్నాయి. అవేవీ లేక వట్టి నిద్రలేమే అయినా, దీర్ఘకాలం ఉంటే మాత్రల కన్నా ముందు సీబీటీ-ఐ అనే మాటల చికిత్స ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లోనే సూచించింది. అది చేసే సైకాలజిస్ట్ ఎవరో అడిగి కనుక్కోండి. నిద్ర కోసమని రెండు పెగ్గులు వేసుకునే అలవాటు ఉంటే (మీరు రాయలేదు, ఊహిస్తున్నాను) ఆపేయండి. మందు నిద్రపుచ్చుతుంది, అర్ధరాత్రి దాటాక అదే లేపుతుంది. చచ్చిపోతే బాగుండన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే ఆ రోజే, ఆ పూటే మీ ఆవిడకో స్నేహితుడికో చెప్పి, వాళ్లను తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

మీ ఆవిడ అన్న మాటకి వస్తాను. ఆల్‌ఫ్రెడ్ షూట్జ్ అనే సామాజికవేత్త ఉండేవాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఆస్ట్రియా తరఫున పోరాడి వచ్చి వియన్నాలో చదువుకున్నవాడు, అంటే మీరిప్పుడు ఉన్నచోట నిలబడి చూసినవాడే. 1945లో, లక్షల మంది సైనికులు ఇళ్లకు తిరిగొస్తున్న రోజుల్లో, ఇంటికి తిరిగొచ్చేవాడి గురించి ఒక వ్యాసం రాశాడు. తిరిగొచ్చేవాడు తాను వదిలివెళ్లిన ఇంటికే వస్తున్నాననుకుంటాడు, ఇంట్లోవాళ్లు తాము పంపిన మనిషే వస్తున్నాడనుకుంటారు, ఇద్దరూ పొరపాటు పడతారు అన్నది అందులో సారం. సైనికుణ్ణి ఇంటికి సిద్ధం చేయడం గురించి అందరూ మాట్లాడుతున్నారు, ఇంటిని కూడా అతనికోసం సిద్ధం చేయాలి కదా అంటాడు.

ఈ పదిహేడేళ్లలో ఆవిడ ఒక్కర్తే ఇల్లు నడిపింది. ఆమెకు ఒక పద్ధతి ఏర్పడింది, ఆమె నిర్ణయాలు ఆమెకున్నాయి. మీరు సెలవుకి వచ్చినప్పుడల్లా ఆ పద్ధతిని కొన్నాళ్లు పక్కన పెట్టి ఉంటుంది. ఇప్పుడు మీరు వెళ్లరు. మీకు ఇల్లు ఎంత కొత్తగా ఉందో, ఆమెకు మీరు అంత కొత్త. ‘నేనేం చేయాలి చెప్పు’ అని ఆమెను ఆర్డర్ అడిగినట్టు అడక్కండి, అది ఇంకో భారం. ఇంట్లో ఒక పని పూర్తిగా మీదిగా తీసుకోండి. పిల్లలుంటే వాళ్ల చదువో, బిల్లుల లెక్కో, ఏదైనా సరే, ఆమె గుర్తుచేయాల్సిన అవసరం లేకుండా. క్లాసులో జరిగిన సంగతులు ఇంటికొచ్చి చెప్పండి. నాకు రాసిన ఈ ఉత్తరం ఆమెకు చూపించారా? చూపించండి. అందులో ఉన్నవాటిలో సగం ఆమెకు తెలిసి ఉండదని నా అంచనా.

ఉద్యోగం మాట. ఆ స్నేహితుడు మీ మంచి కోరే చెప్పాడు. సెక్యూరిటీ ఉద్యోగం తక్కువదేం కాదు. కానీ ఆ ఉద్యోగం మీద మీకు ఇష్టం ఉన్నట్టు ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, దానికి ఉన్న గొప్పతనమల్లా అది క్లాసు కాకపోవడం. చోటు ఎన్నాళ్లు ఉంటుందో అతన్నే అడగండి. ఇల్లు గడవడం కష్టంగా ఉంటే లెక్క మారుతుంది. అప్పుడు చదువు మానేసే బదులు ఒక ఏడాది విరామం తీసుకునే వీలుందా, కట్టిన ఫీజు సంగతేమిటి అని విభాగం ఆఫీసులో కనుక్కుని, జవాబు రాతలో తీసుకోండి.

ఈ వారంలోనే ప్రొఫెసర్ దగ్గర సమయం అడగండి. పడవల గురించి పైన చెప్పిన ఆ వాక్యాన్ని మీ మాటల్లో, మీకు నచ్చినట్టు మార్చి రాసుకుని వెళ్లండి. ‘ఇది నా వాదన అనుకుంటున్నాను, ఎక్కడ నిలవదో చెప్పండి’ అనండి. ఆయన నిలవని చోట్లు నాలుగైదు చూపిస్తారు. దాన్ని మందలింపు అనుకోకండి. వాటిలో మీకు రాత్రి పడుకున్నా వదలనిది ఒకటి ఉంటే అదే మీ థీసిస్. రెండో సెమిస్టర్ చివరికి కూడా అలాంటిదేదీ తగలకపోతే అప్పుడు మీ స్నేహితుడికి ఫోన్ చేయండి.

ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో ఇంకోటి అడిగారు: క్లాసులో అందరూ అంకుల్ అంటున్నారు, ఊరుకోవాలా, వద్దనాలా అని. వద్దనండి. పేరు పెట్టి పిలవమనండి. అంత చిన్నవాళ్ల నోట వట్టి పేరు వినడానికి మొదటి వారం చెవులకు ఇబ్బందిగానే ఉంటుంది. ‘సర్’ అనబోతారు, అదీ వద్దనండి. ‘అన్నా’ అంటే మాత్రం ఒప్పేసుకోండి.